ఉద్యోగపు ఒత్తిడి ఒంటికి ఏం చేస్తుంది? సీమ పనివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంతకల్లులో రైలు బండి నడిపేవాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, ఆదోని మార్కెట్ యార్డు గుమాస్తాలు, ప్రొద్దుటూరు బట్టల కొట్లలో పొద్దస్తమానం నిలబడి అమ్మేవాళ్లు, అనంతపురం బ్యాంకుల్లో మార్చి నెలాఖరు లెక్కలతో సతమతమయ్యేవాళ్లు, ఊరూరా సచివాలయ సిబ్బంది. పనులు వేరైనా డాక్టరు ముందు కూర్చుని చెప్పుకునేది చాలామటుకు ఒకటే: "ఒళ్లంతా యాష్టగా ఉంటుంది, మెడ పట్టేస్తుంది, నిద్ర లేదు, కడుపులో మంట, టెస్టుల్లో మాత్రం ఏమీ లేదంటారు." అట్లాంటివాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

ఒత్తిడి ఉండేది మనసులో కదా, ఒంట్లో జబ్బు ఎట్లా పుట్టిస్తుంది?

పై అధికారి ఫోనులో కేకలేసినా, దారిలో కుక్క మీదికి దూకినా మెదడు ఒంటికి పంపే కబురు ఒకటే. మొదట అడ్రినలిన్ విడుదలవుతుంది. ఇది క్షణాల్లో జరిగే పని. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు దాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, కాలేయంలో దాచిన చక్కెర రక్తంలోకి వస్తుంది, తిన్నది అరగడం మందగిస్తుంది, మెడా భుజాలూ బిర్రుగా అవుతాయి. ఆ వెనకే రెండో కబురు నడుస్తుంది. మెదడులోని హైపోథలామస్ పిట్యూటరీ గ్రంథిని తడుతుంది, అది మళ్లీ అడ్రినల్ గ్రంథులను తడుతుంది, అక్కడ కార్టిసాల్ ఊరుతుంది. దీని ప్రభావం గంటల పాటు నిలుస్తుంది.

కుక్క వెళ్లిపోతే కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. ఉద్యోగంలో కుక్క వెళ్లదు. రాత్రి పది గంటలకు వాట్సాప్ గ్రూపులో "రేపు పొద్దున ఎనిమిదికల్లా రిపోర్టు" అని మెసేజ్ వస్తుంది. ఆదివారం సాయంత్రానికే సోమవారం గుర్తొచ్చి గుండె దడ మొదలవుతుంది. బోరు మోటారు రోజుకు కొన్ని గంటలు ఆడి ఆగితే ఏళ్ల తరబడి మన్నుతుంది, ఆపకుండా ఆడిస్తే వైండింగ్ కాలుతుంది. ఒంటికీ అంతే. ఇట్లా పేరుకుపోయే అరుగుదలకు 1993లో బ్రూస్ మెకీవెన్, ఎలియట్ స్టెల్లర్ అనే శాస్త్రవేత్తలు "అలోస్టాటిక్ లోడ్" అని పేరు పెట్టారు. నెలలూ ఏళ్లూ గడిచేసరికి అది రక్తపోటుగా, నడుము చుట్టూ కొవ్వుగా, రక్తంలో చక్కెరగా, ఆరని నొప్పులుగా బయటపడుతుంది.

ఈ పేజీలో మేము పదే పదే చెప్పేది ఒకటుంది: పని బరువు ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఆ బరువు దించుకునే వేళ రోజులో ఎక్కడుంది అన్నదీ అంతే ముఖ్యం.

ఎన్ని గంటల పని అయితే ఒంటికి ముప్పు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. వారానికి ఆరు రోజులు, రోజుకు తొమ్మిదిన్నర గంటలు వేసుకుంటే 57 గంటలు. కొట్లలో, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల్లో, ప్రైవేటు బళ్లలో పనిచేసేవాళ్లలో చాలామందికి ఇది మామూలు వారమే. దయచేసి ఒక వారం మీ గంటలు కాగితం మీద రాసుకోండి. ఇంట్లో కూర్చుని ఫోనులో చేసిన పని కూడా కలపండి.

గంటలతోనే తేలదు. రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిన సూత్రం ఇప్పటికీ నిలబడే ఉంది: పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎట్లా చేయాలో, ఎప్పుడు చేయాలో నిర్ణయించుకునే చేతిపట్టు తక్కువగా ఉంటే ఆ ఉద్యోగం మనిషిని ఎక్కువగా అరగదీస్తుంది. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులపై మైకేల్ మార్మట్ బృందం చేసిన వైట్‌హాల్ అధ్యయనాల్లో గుండెజబ్బులు పైమెట్టు అధికారుల్లో కంటే కిందిమెట్టు ఉద్యోగుల్లోనే ఎక్కువగా కనిపించాయి. "సారుకు టెన్షన్ ఎక్కువ, గుమాస్తాకు ఏముంది" అనేది వట్టి మాట. టార్గెట్ వేసేవాడి కంటే మోసేవాడి గుండెకే బరువు.

కొంచెం ఒత్తిడి మంచిదే అంటారు?

నిజమే. పరీక్ష ముందు, తనిఖీ ముందు వచ్చే ఉరుకు పని చేయిస్తుంది. అది ఆ రోజు దాటాక తగ్గిపోవాలి. నెల రోజులుగా పొద్దున లేవగానే అలసటగా ఉంటే, సెలవు రోజు కూడా తేరుకోలేకపోతే అది మంచి ఒత్తిడి కాదు.

డాక్టరు దగ్గర బీపీ మామూలుగానే ఉంది, ఆఫీసులో చూస్తే 150 దాటుతోంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. ఆసుపత్రిలో మామూలుగా ఉండి, బయట పనిచోటనో ఇంట్లోనో పెరిగే రక్తపోటును ముసుగు రక్తపోటు అంటారు. ఒత్తిడి ఎక్కువున్న ఉద్యోగాల్లో ఇది కనబడుతుంది. సెలవు పెట్టి, నెమ్మదిగా ఆసుపత్రికి వెళ్లిన రోజు బీపీ దిగే ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి దొరక్కుండా పోతుంది. దొరకనంత మాత్రాన గుండె, మూత్రపిండాలు, కళ్ల మీద అది చేసే పని ఆగదు.

ఇంట్లో కొలిచే పద్ధతి సరిగా ఉండాలి. అప్పుడే ఆ అంకెకు విలువ. చేతి జబ్బకు కట్టే డిజిటల్ మిషన్ కొనండి, మణికట్టుకు కట్టేది వద్దు. పట్టీ మీ జబ్బకు సరిపోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. కొలవబోయే ముందు అరగంట టీ, కాఫీ, బీడీ, సిగరెట్ ముట్టకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి, ఎందుకంటే నిండిన మూత్రాశయం కూడా బీపీ పెంచుతుంది. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పాదాలు రెండూ నేల మీద, కాలు మీద కాలు లేకుండా, చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా చేయి పైన కాకుండా ఒంటి మీదే పట్టీ కట్టాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాయాలి. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, ఫోను చూడకూడదు.

ఉదయం, సాయంత్రం ఇట్లా ఏడు రోజులు చేయండి. అందులో కనీసం నాలుగైదు పనిరోజులు ఉండాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సరాసరి తీయండి. ఇంట్లో సరాసరి 135/85, ఆసుపత్రిలో 140/90 దాటితే రక్తపోటు ఉన్నట్టే లెక్క. 180/120 దాటి, తలనొప్పో ఆయాసమో చూపు మసకో ఛాతీ నొప్పో తోడైతే మరుసటి రోజు దాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బీపీ మాత్రలు మొదలుపెట్టినవాళ్లు తరచుగా చేసే తప్పు ఒకటుంది. పని తగ్గిన నెలలో "ఇప్పుడు బాగుంది కదా" అని మాత్ర ఆపేస్తారు. బాగున్నది మాత్ర వల్లే. డాక్టరు చెప్పకుండా ఆపితే బీపీ మళ్లీ పైకి పోతుంది.

మీటింగులో ఛాతీ బరువెక్కింది. గ్యాసా, టెన్షనా, గుండెపోటా?

ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదిది. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మన దగ్గర గుండెపోటు వచ్చినవాళ్లు గ్యాస్ మాత్ర వేసుకుని, సోడా తాగి, రాత్రంతా ఓర్చుకుని తెల్లారి ఆసుపత్రికి రావడం ఇంకా జరుగుతూనే ఉంది. మూసుకుపోయిన రక్తనాళం తెరవడం ఎంత ఆలస్యమైతే అంత గుండె కండరం చచ్చిపోతుంది.

ఛాతీ మధ్యలో బరువు, బిగింపు, నొక్కినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి వచ్చేటట్టుండటం: వీటిలో ఏది కనబడినా 108కు ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ పోవద్దు. ఈసీజీ తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా కొన్ని గంటల తర్వాత మళ్లీ తీయాల్సి రావచ్చు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేయాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, నీరసం, కడుపు పైభాగాన బరువుగా కూడా గుండెపోటు రావచ్చు.

భయం పట్టుకున్నప్పుడు కూడా గుండె దడ, ఊపిరాడకపోవడం, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి. అది ఎక్కువగా పది నిమిషాల్లో ముదిరి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. అయినా మొదటిసారి వచ్చినప్పుడు ఈసీజీ తీయించకుండా "టెన్షనే" అని ఎవరూ తేల్చకూడదు.

మూతి వంకర పోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట తడబడటం పక్షవాతపు గుర్తులు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇస్తేనే రక్తపు గడ్డ కరిగించే మందు పనికొస్తుంది. అందుకే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి, మొదలైన సమయం గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పాలి.

టెన్షన్ వల్ల షుగర్ వస్తుందా?

ఒత్తిడి ఒక్కటే షుగర్ తెప్పిస్తుందని చెప్పలేం. వంశం, నడుము చుట్టుకొలత, కదలిక లేని పని, తిండి అన్నీ కలుస్తాయి. ఒత్తిడి మాత్రం అన్నిటినీ ముందుకు తోస్తుంది. కార్టిసాల్ కాలేయం చేత చక్కెర వదిలిస్తుంది, ఇన్సులిన్ మాట కండరాలు వినకుండా చేస్తుంది, కొవ్వును పొట్టలోకి చేరుస్తుంది. దానికి తోడు నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది.

టీ లెక్క చాలామంది వేసుకోరు. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 8 నుంచి 10 గ్రాములు. ఆఫీసులో రోజుకు ఆరు టీలు తాగితే 48 నుంచి 60 గ్రాములు. పెద్దవాళ్లకు విడి చక్కెర రోజు మొత్తంలో 50 గ్రాములు దాటకూడదని, 25 లోపైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. టీ మానలేకపోతే రెండుకు తగ్గించి, చక్కెర సగం చేయండి. రెండు మూడు వారాల్లో నాలుకకు అలవాటవుతుంది.

బొడ్డు ఎత్తులో టేపు పెట్టి కొలుచుకోండి. భారతీయ మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ముప్పు పెరిగినట్టే. పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే షుగర్ గడప దగ్గరున్నారని, 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగర్ వచ్చిందని అర్థం. మూడు నెలల సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 అయితే గడప, 6.5 నుంచి షుగర్.

కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు ఒత్తిడి వల్లేనా?

అల్సర్‌కు ఒత్తిడే కారణమని పాతకాలంలో నమ్మారు. చాలా అల్సర్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. రెండో పెద్ద కారణం నొప్పి మాత్రలు. కాబట్టి నెలల తరబడి మంట ఉంటే "టెన్షన్" అని సరిపెట్టుకోకుండా ఆ క్రిమికి పరీక్ష చేయించుకోండి.

ఒత్తిడి పాత్ర లేదని కాదు. పేగుకూ మెదడుకూ నరాల దారి ఉంది. మామూలు ఆమ్లం కూడా ఎక్కువ మంటగా తెలియడం, ఇంటి నుంచి బయల్దేరే ముందే రెండుసార్లు దొడ్డికి పోవాల్సి రావడం, ఉబ్బరం, ఒకనాడు విరేచనాలు, ఒకనాడు మలబద్ధకం, ఇవన్నీ ఆ దారిలో వచ్చేవే. మన పనివాళ్ల రోజు దీనికి ఆజ్యం పోస్తుంది: పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి, పదకొండుకు టీ, మధ్యాహ్నం మూడున్నరకు హడావిడి భోజనం, రాత్రి పదిన్నరకు కడుపునిండా తిని పదకొండుకు పడక. ఇందులో ముందుగా మార్చాల్సింది ఆఖరిది. రాత్రి తిండికీ పడకకూ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. ఇంటికి ఆలస్యంగా చేరేవాళ్లు సాయంత్రం ఏడుకు ఆఫీసులోనే జొన్న రొట్టె, పప్పు లాంటిది తిని, ఇంటికొచ్చాక మజ్జిగతో సరిపెట్టుకోవచ్చు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తే రాత్రి మంట తగ్గుతుంది.

మింగడం కష్టమైనా, నల్లటి తారులాంటి మలం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, వాంతిలో రక్తం కనబడినా ఆలస్యం చేయకూడదు.

మెడ, భుజాల నొప్పి, తలకు పట్టీ బిగించినట్టు నొప్పి. రోజూ మాత్ర వేసుకోవచ్చా?

వద్దు. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు, రెండువైపులా, మెడ నుంచి పైకి పాకే నొప్పి ఎక్కువగా కండరాల బిగింపు వల్ల వచ్చేది. ఒకవైపు పోటు, వెలుతురూ చప్పుడూ పడకపోవడం, వాంతులు ఉంటే మైగ్రేన్ కావచ్చు. రెండింటికీ ఒత్తిడి నిప్పు రాజేస్తుంది.

మాత్రల లెక్క ముఖ్యం. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, రకరకాల మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు దాటి నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. మాత్ర ప్రభావం దిగగానే నొప్పి, నొప్పికి మళ్లీ మాత్ర. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో, నీళ్లు తక్కువ తాగి పనిచేసే మనిషికి ఆ దెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది.

కంప్యూటరు పైఅంచు కంటి ఎత్తుకు రావాలి. ల్యాప్‌టాప్ అయితే కింద నాలుగు లావుపాటి రిజిస్టర్లు పెట్టి, విడి కీబోర్డు తగిలించుకోవచ్చు. మోచేతులకు బల్ల ఆనాలి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి మాట్లాడటం మానాలి. ప్రతి 30, 40 నిమిషాలకు లేచి రెండు నిమిషాలు నడవాలి. భుజాలు చెవుల దాకా ఎత్తి ఐదు అంకెలు లెక్కపెట్టి ఒక్కసారిగా వదిలేయడం పదిసార్లు చేయండి. బిగించి వదిలితేనే కండరానికి ఎంత బిగిసి ఉందో తెలుస్తుంది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. ఏం చేయాలి?

కార్టిసాల్ అర్ధరాత్రి దగ్గర అడుగుకు దిగి, తెల్లవారుజామున పెరగడం మొదలై, లేచిన అరగంట, ముప్పావుగంటకు శిఖరానికి చేరుతుంది. మనసు ముందే ఉద్రేకంగా ఉంటే ఆ పెరుగుదలే మనిషిని లేపేస్తుంది.

పడుకునే గంట ముందు, మరుసటి రోజు పనులు కాగితం మీద రాసి, ఏది ఎప్పుడు చేస్తారో పక్కన గుర్తు పెట్టండి. రాసింది మెదడు పట్టుకు కూర్చోదు. ఒంట్లో చేరిన కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ ఆపండి. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్రమబ్బు కమ్మాకే తిరిగి పడుకోండి. గడియారం చూడొద్దు. ఎంత ఆలస్యంగా నిద్రపోయినా లేచే వేళ ఒకటే ఉండాలి, ఆదివారం కూడా. నిద్ర గాడిలో పడటానికి ఇది బలమైన మందు. గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగలు తూగడం ఉంటే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు, దానికి వేరే పరీక్ష, వేరే చికిత్స ఉన్నాయి.

డాక్టరు రాయకుండా ఆల్‌ప్రజోలం లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు కొనుక్కుని వేసుకోవద్దు. కొద్ది వారాల్లోనే ఒళ్లు వాటికి అలవాటుపడుతుంది. ఇప్పటికే నెలలుగా వేసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి.

నైట్ షిఫ్టు తప్పదు. ఎట్లా నెగ్గుకు రావాలి?

ముద్దనూరు దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రం గానీ, సిమెంటు ఫ్యాక్టరీ గానీ, ఆసుపత్రి గానీ రాత్రి ఆగవు. షిఫ్టు మొదలయ్యే ముందు గంటన్నర కునుకు తీయండి. టీ అయితే షిఫ్టు మొదటి సగంలోనే. నడిరాత్రి పెద్ద భోజనం వద్దు, ఆ వేళ ఒంటికి చక్కెరను సర్దుకునే శక్తి తక్కువ. ఉడికించిన శనగకాయలు, గుడ్డు, మజ్జిగ చాలు. పొద్దున ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, వెలుతురు మెదడుకు "తెల్లారింది" అని చెబుతుంది. నిద్రమత్తుగా ఉంటే బండి నడపొద్దు, బస్సెక్కండి. గదికి మందపాటి తెర, వాకిట్లో చీటీ, ఇంట్లోవాళ్లకు ఒప్పందం: ఈ నాలుగైదు గంటలు లేపకూడదు. షిఫ్టులు మార్చేటప్పుడు పగలు, సాయంత్రం, రాత్రి అనే వరుసలో ముందుకు జరిపితే ఒళ్లు సర్దుకుంటుంది, వెనక్కి జరిపితే కష్టపడుతుంది. రోస్టర్ వేసేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

మన ఎండలు దీనికి తోడైతే?

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో 42 డిగ్రీలు దాటిన రోజులు చాలా. బేతంచెర్ల నాపరాళ్ల పనిలో, రోడ్డు పనిలో, డెలివరీ బండి మీద ఉన్నవాళ్లకు ఎండే ఒక ఒత్తిడి. చెమటతో నీరు తగ్గితే రక్తం చిక్కబడి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. అప్పటికే దడ, ఆందోళన ఉన్న మనిషికి ఇది రెట్టింపవుతుంది. ఇంకో సంగతి: మరుగుదొడ్డి లేని పనిచోట ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. దాంతో మూత్రంలో మంట, మూత్రపిండాల్లో రాళ్లు. ఇది యజమాని తీర్చాల్సిన లోటు, ఓర్చుకోమని చెప్పేది కాదు.

ఎండలో పనిచేసేటప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు, మధ్యలో ఉప్పేసిన మజ్జిగ. ఇంట్లో కలిపే ద్రావణానికి లీటరు నీళ్లకు ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. మూత్రం లేత పసుపులో ఉండాలి. కొత్తగా ఎండపనికి వచ్చిన మనిషికి ఒకటి, రెండు వారాల పాటు పని మెల్లగా పెంచాలి. బీపీ, గుండె మాత్రలు వేసుకునేవాళ్లు వేసవి రాకముందే డాక్టరుతో మాట్లాడాలి, కొన్ని మాత్రలు నీటిని బయటకు పంపుతాయి.

మాటిమాటికీ జలుబు, జుట్టు రాలడం?

రెండూ జరుగుతాయి. ఎక్కువ ఒత్తిడిలో ఉన్నవాళ్లకు జలుబు క్రిములు తేలిగ్గా అంటుకుంటాయని షెల్డన్ కోహెన్ బృందం 1991లో ప్రయోగం చేసి చూపింది. జుట్టు మాత్రం ఒత్తిడి వచ్చిన రెండు, మూడు నెలలకు రాలుతుంది, అందుకే కారణం మర్చిపోయి నూనెలు మారుస్తుంటారు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి.

నెలసరి తప్పుతోంది. ఒత్తిడే అనుకోవచ్చా?

మొదట గర్భం కాదని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోను, పీసీఓఎస్ (హార్మోన్లు గాడి తప్పి అండాశయాల పని దెబ్బతినే స్థితి) చూడాలి. ఇవేవీ కాకపోతే ఒత్తిడి నిజంగానే కారణం కావచ్చు, ఎందుకంటే నెలసరిని నడిపే ఆజ్ఞలూ హైపోథలామస్ నుంచే వస్తాయి. ఉద్యోగం ముగించుకుని వచ్చి వంట, పిల్లల చదువు, అత్తమామల మందులు చూసే ఆడమనిషికి ఒంట్లో బరువు దిగే వేళే ఉండదు. ఆమెకు చీటీ మీద యోగా రాసిచ్చే ముందు ఇంట్లోవాళ్లు సాయంత్రం ఒక గంట పని తీసుకోవాలి. ఆ గంటే వైద్యం.

ఏ పరీక్షలు చేయించాలి? కార్టిసాల్ టెస్టు అవసరమా?

కార్టిసాల్ పరీక్ష కుషింగ్స్, అడిసన్స్ లాంటి గ్రంథుల జబ్బులకు. ఉద్యోగ ఒత్తిడిని కొలిచేది కాదు, రోజంతా మారుతూ ఉంటుంది. డబ్బు వృథా. 30 ఏళ్లు దాటినవాళ్లు ఏడాదికోసారి బీపీ, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, హిమోగ్లోబిన్ చూపించుకుంటే చాలు. యాష్ట తగ్గకపోతే థైరాయిడ్, బి12 కూడా. రక్తహీనత, థైరాయిడ్ లోపం అచ్చం ఒత్తిడిలాగే కనబడతాయి, చాలామటుకు మాత్రలతో అదుపులోకి వస్తాయి.

ఒక పెగ్గు వేస్తే, ఒక సిగరెట్ తాగితే తేలికవుతుంది కదా?

సిగరెట్ ఇచ్చే తేలిక చాలామటుకు అంతకుముందు సిగరెట్ దిగడం వల్ల వచ్చిన చిరాకు తీరడమే. తాగిన ప్రతిసారీ గుండె వేగం, బీపీ పెరుగుతాయి. మందు తొందరగా నిద్రపుచ్చి, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. గుట్కా, ఖైనీలో కూడా నికోటిన్ ఉంది, పైగా నోటి క్యాన్సర్.

పనిచోట పది నిమిషాల్లో ఏం చేయొచ్చు?

ఊపిరితో మొదలుపెట్టండి. కుర్చీలో వెన్ను నిటారుగా, ఒక చేయి పొట్ట మీద. ముక్కుతో నాలుగు అంకెలు పీల్చాలి, పొట్ట లేవాలి, ఛాతీ కాదు. ఆరు అంకెలు మెల్లగా వదలాలి. నిమిషానికి ఆరు శ్వాసలు. ఐదు నిమిషాలు చాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం పని పెరుగుతుంది. బలవంతంగా లోతుగా, వేగంగా పీల్చితే కళ్లు తిరుగుతాయి, అది సరైన పద్ధతి కాదు. గొడవైన తర్వాత ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం తక్కువ. రోజూ ఒకే వేళకు, మధ్యాహ్న భోజనానికి ముందు చేస్తే అలవాటవుతుంది.

మిగతా ఐదు నిమిషాలు నడవండి. వారం మొత్తంలో చెమట పట్టేంత వేగంగా 150 నిమిషాల నడక గుండెకు అవసరం. బీపీ ఉన్నవాళ్లకు క్రమం తప్పని నడకతో పై అంకె సుమారు 5 నుంచి 8 దాకా తగ్గుతుంది.

యాజమాన్యం ఏం చేయాలి?

ఏడాదికోసారి యోగా క్లాసు పెట్టి చేతులు దులుపుకోవడం సరిపోదు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వారానికి 48 గంటల హద్దు పెట్టింది, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి ఇవ్వాలంది. ఆ హద్దు పాటించడమే మొదటి ఆరోగ్య కార్యక్రమం. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపులో పని మెసేజ్‌లు ఆపాలి. టార్గెట్ పెంచేటప్పుడు మనుషులనో గడువునో పెంచాలి. భోజనానికి అరగంట ఎవరూ పిలవకుండా చూడాలి. షిఫ్టు చీటీ కనీసం రెండు వారాల ముందు ఇవ్వాలి, అప్పుడే మనిషి నిద్రనూ ఇంటినీ సర్దుకోగలడు.

ఉద్యోగి వైపు నుంచి మాట్లాడేటప్పుడు "సార్, టెన్షన్‌గా ఉంది" అంటే దాటవేస్తారు. "సార్, ఈ వారం 61 గంటలు పనిచేశాను, ఈ మూడు పనుల్లో ఏది ముందు చేయమంటారు?" అని కాగితం ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు.

బర్నౌట్ అనేది జబ్బేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దాన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా చేర్చింది. శక్తంతా ఇంకిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, ఏం చేసినా చేతకానట్టు అనిపించడం దాని మూడు గుర్తులు. పని మీదే కాక పిల్లల మీద, పండగ మీద, తిండి మీద కూడా రెండు వారాలకు పైగా మనసు పోకపోతే అది కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది. చావాలన్న ఆలోచన వస్తే ఒంటరిగా ఉండొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మొదట దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమో, కుటుంబ డాక్టరో. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు అక్కడ ఉచితం. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ మూడూ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, జనరల్ మెడిసిన్‌తో పాటు మానసిక వైద్య విభాగమూ ఉంటుంది. వెళ్లేటప్పుడు ఏడు రోజుల బీపీ చీటీ, వారం పనిగంటల లెక్క, వాడుతున్న మాత్రల అట్టలు, పాత రిపోర్టులు తీసుకుపోండి. ఓపీలో డాక్టరుకు మీకోసం దొరికేది కొద్ది నిమిషాలే, ఈ కాగితాలు ఆ నిమిషాలను వృథా కానివ్వవు. ఏ పని చేస్తారో, ఏ షిఫ్టో మీరే ముందు చెప్పండి, చాలాసార్లు ఎవరూ అడగరు.

పని తగ్గించుకుంటే ఎన్నాళ్లకు బాగవుతుంది?

అన్నీ ఒకేసారి రావు. వేళకు నిద్ర మొదలుపెడితే రెండు, మూడు వారాల్లో పగటి చిరాకు, టీ మీద యావ తగ్గుతాయి. మెడ నొప్పికి నాలుగు నుంచి ఆరు వారాలు. నడక, ఉప్పు తగ్గింపు ప్రభావం బీపీలో కనబడటానికి ఒకటి రెండు నెలలు, హెచ్‌బీఏ1సీలో మార్పు తెలియాలంటే మూడు నెలలు, రాలిన జుట్టు తిరిగి ఒత్తుగా రావడానికి ఆరు నెలల పైనే. మూడు వారాలు కష్టపడి బీపీ దిగలేదని వదిలేసేవాళ్లు ఎక్కువ. అందుకే మొదటి రోజే అంకెలన్నీ రాసి పెట్టుకోండి, నెలకోసారి, అదే వేళకు, అదే కుర్చీలో కూర్చుని మళ్లీ కొలవండి.